గుంటను కొండ చేసిన షీట్లు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది, కళ్ళు పోతాయా అని. పోతాయి. ఒక్కసారిగా పోవు, మెల్లగా పోతాయి. ముందు సాయంత్రాలు మసక కమ్ముతుంది. తరవాత దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. ఆ తరవాత బియ్యంలో రాయి కనబడదు. మెడ పట్టేస్తుంది, కుడిచేతి బొటనవేలి దగ్గర నరం లాగుతుంది. ఇవన్నీ తెలిసే రండి.

ముప్ఫై ఏళ్ళకు పైగా మ్యాపులు గీశాను. అలిసిపోయాను. అయినా చేతికి ఈ పని ఇచ్చినందుకు రోజూ ఉదయం మజ్జిగౌరమ్మ తల్లి పటం ముందు ఓ నిమిషం కూర్చుని దణ్ణం పెట్టుకుంటాను. బడి మొహం చూడని ఆడదానికి ఇంతకంటే మంచి పని దొరకదు.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏం బిరుదు ఇచ్చారు అన్నవి ఇక్కడ రాయను. అవి మీకు పనికిరావు. ఒక తప్పు గురించి రాస్తాను. తప్పు నాది. దానికి ఉద్యోగం పోయింది మాత్రం వేరే పిల్లకి.

నాన్న నేర్పిన గీత

మా నాన్న రైలు లైను వేసే క్యాంపుల్లో ట్రేసరు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన దాని మీద పల్చటి ట్రేసింగ్ క్లాత్ పరిచి, నల్ల సిరాతో ఎక్కించడం ఆయన పని. ఒడిశాలో రాయగడ వైపు కొంతకాలం, కోరాపుట్ వైపు కొంతకాలం, రెండేళ్ళకో క్యాంపు. కొన్నిచోట్ల ఒడియా బడి ఉండేది, కొన్నిచోట్ల ఏ బడీ ఉండేది కాదు. అందుకని అమ్మ దగ్గర అక్షరాలూ ఎక్కాలూ నేర్చుకున్నాను, నాన్న దగ్గర గీత.

"ఊపిరి వదిల్తే గీత వణుకుద్దమ్మీ. మొదలెట్టిన సోట బిగపట్టు, ఆగిన సోట వదులు" అనేవాడు. సిరా బొట్టు పడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "కొండ మీద నేని సెరువు పుట్టించేవు. ఎవడో ఇంజనీరు నీళ్ళున్నాయనుకుని బిందట్టుకెల్తాడు. గీకు." బ్లేడు మొనతో ఆ బొట్టుని గుడ్డ చిరగకుండా గీకి తీసేదాన్ని. శుభ్రంగా ఉన్న పటమే నిజమైన పటం అని అప్పుడే నాలో నాటుకుపోయింది. నాన్న అలా అనలేదు. నేను అలా అర్థం చేసుకున్నాను.

పెళ్ళయ్యాక కోరాపుట్ పక్కనున్న సునాబెడ వచ్చాను. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. బస్టాండు దగ్గర మందుల షాపు పైన ఒక చిన్న మ్యాపుల ఆఫీసు ఉండేది. దాని యజమాని పాఢీ బాబు జయపురంలో తెలుగువాళ్ళ వీధిలో పెరిగిన ఒడియా మనిషి. మా తెలుగు మాకంటే ధాటిగా మాట్లాడేవాడు. సర్టిఫికెట్టు అడగలేదు. ఒక కాగితం ఇచ్చి, గీసి చూపించమన్నాడు. చూసి, రేపట్నించి రమ్మన్నాడు. ఆ ఒక్క పనికి ఆయనకి జన్మంతా రుణపడి ఉన్నాను. మంచివాడే. మంచివాడు భయపడితే ఏం చేస్తాడో కూడా ఆయన దగ్గరే చూశాను.

ముందు కాలవలు, రోడ్లు, గనుల దారులు గీశాం. తరవాత కంప్యూటర్లు వచ్చాయి. సిరా పోయి మౌస్ వచ్చింది. అప్పటికి నాకు నలభై దాటాయి. పిల్లలకి నేను మెల్లగా పిన్నినైపోయాను, ఆ తరవాత వాళ్ళు గీసింది సరిచూసే చెకర్‌నయ్యాను.

దీవులు

ఒకసారి దూరదేశపు పని వచ్చింది. నడిసముద్రంలో వరసగా ఉన్న దీవులు. అన్నీ అగ్నిపర్వతాలే. వాటి పేర్లకి మాలో ఎవరికీ నోరు తిరిగేది కాదు, అందుకని ఒకటో దీవి, రెండో దీవి అనుకునేవాళ్ళం. మా తాతల కాలంలో ఎవరో సర్వేవాళ్ళు పడవల్లో వెళ్ళి, ఆ బూడిదలో నడిచి, కొలిచి గీసిన షీట్లు. వాటి ఫొటోలు మాకు పంపారు.

మేము చేయాల్సింది, ఆ షీట్ల మీదున్న ప్రతి కంటూరు గీత మీదా మౌస్ నడిపి, దాని ఎత్తు ఎంతో రాయడం. కంటూరు అంటే మరేమీ కాదు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. కొండ చుట్టూ ఎక్కకుండా దిగకుండా నడిచి, బయల్దేరిన చోటికే వచ్చినట్టు.

పని ఎందుకో పాఢీ బాబు మొదటిరోజే చెప్పాడు. పాత ఎత్తుల్నీ ఇప్పటి ఎత్తుల్నీ పక్కపక్కన పెట్టి, పర్వతం పేలితే బురద ఎటు పారుతుందో పని పంపినవాళ్ళు లెక్క కడతారు. ఒక దీవిలో కొండ కింద ఊరుంది. ఆ ఊరివాళ్ళు ఏ దారిన పారిపోవాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు.

"సుట్టూ సముద్రం, అడుగున పొయ్యి. ఆళ్ళకి కట్టెల బాధ నేదు పిన్నీ" అన్నాడు అప్పలరాజు. మా హాలులో అందరికంటే సీనియర్ ఆపరేటరు, అందరికంటే వాగుడుకాయ.

నేను ప్రతి షీటు తెరిచేముందు, దాన్ని కొలిచిన ఆ పేరు తెలియని మనిషికి మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. దణ్ణం పెట్టి, అతను గీసిందే చెరిపించాను.

భాను

భాను పొట్టంగి పిల్ల. వాళ్ళమ్మ సంతలో అల్లం అమ్మేది. మాట తక్కువ, చెయ్యి స్థిరం. శిఖరాల దగ్గర గీతలు వెంట్రుకవాసి ఎడంలో ఉంటాయి. ఆ భాగాలన్నీ ఈ పిల్లకే ఇచ్చేవాళ్ళం.

ఊరున్న దీవి షీటు ముందుగా ముగించింది. నేను చెక్ చేస్తున్నాను. పర్వతం నడినెత్తిన ఉన్న వలయాలకి సన్నటి గాట్లు ఉన్నాయి, దువ్వెన పళ్ళలా. పాత కాగితం, మడతలు, మరకలు, పురుగు కొట్టిన చోట్లు చాలా ఉన్నాయి కదా, ఇదీ అలాంటి చెత్తే అనుకున్నాను. భాను ఆ పళ్ళన్నీ ఓపిగ్గా గీసింది. పైగా లోపలి వలయాలకి ఎత్తు తగ్గించుకుంటూ అంకెలు వేసింది.

"ఏటమ్మీ ఈ నూగు?" అన్నాను.

"నూగు కాదు పిన్నీ. కావాలనే గీసేరు. అన్నీ లోపలేపే ఉన్నాయి సూడు. మరకైతే ఒకేపెందుకుంటాది?"

"మరి ఈ అంకెలేటి? కొండెక్కుతుంటే ఎత్తు తగ్గుద్దా?"

"ఎక్కేక దిగితే తగ్గుద్ది గదా."

"ఏ కొండ నెత్తిన లోపలికి దిగుతారే? మీ పొట్టంగి కొండ మీద ఎప్పుడైనా దిగేవా?"

పక్క సీటులోంచి అప్పలరాజు అందుకున్నాడు. "దిగుతాదేమో పిన్నీ. ఆళ్ళ కొండకి మూత ఎవడో ఎత్తుకుపోయేడు."

హాలంతా నవ్వింది. భాను కూడా కొంచెం నవ్వింది. "సర్లే పిన్నీ, నువ్వు సెప్పినట్టే" అని పళ్ళన్నీ చెరిపేసింది, అంకెలు పెంచుకుంటూ వేసింది. నేను ఇంకో మాట కూడా అన్నాను. మిగతా షీట్లలో ఎక్కడ ఇలా కనబడ్డా ఇలాగే శుభ్రం చెయ్యమన్నాను. చేసింది.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఒకటుంది. పళ్ళ గీతలు నాకు తెలియనివి కావు. రైలు కట్ట పల్లానికి దిగేచోట నాన్న పళ్ళు గీసేవాడు, పళ్ళు ఎటుంటే అటు పల్లమని. అవి పెద్దవి, సమానంగా ఉండేవి. ఇవి వెంట్రుకల్లా ఉన్నాయని పోల్చుకోలేదు. అగ్నిపర్వతం అని రోజూ నోటితో అంటూనే ఉన్నాను. దాని నెత్తిన నోరుంటుందని బొమ్మల్లో చూసే ఉంటాను. కానీ చెయ్యి మాత్రం తాను చూసిన కొండనే గీస్తుంది. నేను పుట్టి పెరిగింది కోరాపుట్ కొండల మధ్య. ఇక్కడ అన్నిటికంటే లోపలి వలయం అంటే శిఖరం. దానికి ఎదురులేదు. అనుభవం అంటే అదే అనుకున్నాను.

తిరిగొచ్చిన షీటు

షీట్లన్నీ పంపిన మూడు వారాలకి, పని ఇచ్చినవాళ్ళ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. వేడినీటి గుంట ఉన్నచోట మీ షీటులో కొండకొమ్ము ఉంది, ఆ అంకెలతో లెక్క కడితే బురద ఊరిని వదిలేసి అవతలి వైపు సముద్రంలో పడుతోంది, ఇదేమిటి అని. మిగతా షీట్లు వాళ్ళింకా తెరవలేదు.

పాఢీ బాబు భానునీ నన్నూ తన గదిలోకి పిలిచాడు. కంప్యూటర్లో ఆ షీటు గీసినవాళ్ళ పేరు భానుదని చూపిస్తోంది.

"పిన్నీ, నువ్వు చూసే పంపుంటావు. నీ తరవాత ఈ పిల్ల మళ్ళీ ముట్టుకునుంటాది. అంతేనా?" అన్నాడు.

నేను దాక్కోవడానికి చోటు ఆయనే చూపించాడు. నేను అందులోకి దూరాను. ఔననలేదు, కాదనలేదు. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడిచాను.

భాను నా వైపు చూసింది. పిన్నే చెరపమంది అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నేనే చెబుతానని చూసింది. చాలాసేపే చూసింది.

"రేపట్నించి రావద్దమ్మా" అన్నాడు పాఢీ బాబు.

పిల్ల తన సీటు దగ్గరికెళ్ళి టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

నాలుగు రోజులు

పొద్దున్నే దీపం పెట్టి, అందిన ప్రతిదానికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకోవడం నా అలవాటు. అమ్మ నేర్పింది. కళ్ళకి, చేతికి, తిండికి, పనికి. ఆ నాలుగు రోజులూ పనికి అనే చోట ఆగిపోయేదాన్ని. నా పని మిగిలినందుకా చెప్పుకోవాలి?

నాలుగోరోజు మిగతా దీవుల షీట్లు తెరిచి చూశాను. ప్రతిదాని నెత్తినా ఓ చక్కటి కొమ్ము. శుభ్రంగా ఉన్నాయి. ఒక్క నూగు లేదు.

ఐదోరోజు పొద్దున్న పాఢీ బాబు గదిలోకి వెళ్ళాను. టీ తాగుతున్నాడు.

"బాబూ, ఆ పళ్ళు చెరపమన్నది నేను. అంకెలు మార్పించింది కూడా నేనే. భాను సరిగ్గానే గీసింది."

గ్లాసు కింద పెట్టాడు. "ఎన్ని షీట్లలో?"

"అన్నిట్లో."

లేచి తలుపు వేసొచ్చి కూర్చున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "పిన్నీ, గీసే పిల్ల తప్పు చేసిందంటే అది ఒక్క షీటు. చెకర్ తప్పు చేసిందంటే పనంతా తప్పే. మొత్తం వెనక్కి కొడతారు. ఎనిమిదిమంది ఇంటికి పోతారు. ఆలోచించి మాట్లాడు."

"ఆలోచించడానికే నాలుగు రోజులు పట్టింది."

"పోనీ ఆ పిల్లని మళ్ళీ తీసుకుంటాను. ఊరున్న దీవి షీటు దిద్ది పంపేద్దాం. మిగతా దీవుల్లో మనిషే లేడు. ఎవరికి నష్టం?"

నిజం చెబుతున్నాను, ఆ మాట తీయగా వినబడింది. భానుకి ఉద్యోగం వస్తుంది, నా పరువు ఉంటుంది. సరే అనబోయాను.

"ఇవాళ లేడు బాబూ. రేపు ఎవడో పడవ ఆపి, మన పటం పట్టుకుని ఎక్కుతాడు. కొమ్మనుకుని గుంటలో దిగుతాడు" అన్నాను.

ఆయన కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ కూర్చున్నాడు. "దిద్దడానికి ఎన్నాళ్ళు?"

"ఒక్కో గీతా వెతకాలి. రెండు నెలలు."

"పది రోజులు. ఆ తరవాత మిగతా షీట్లు తెరిచి వాళ్ళే కనిపెడతారు. పది రోజుల్లో దిద్దగలిగితే, దిద్దిన షీట్లతోపాటు తప్పెవరిదో నేనే రాస్తాను. లేకపోతే ఆఫీసు మూసుకోవాలి."

పొట్టంగి సంత

మర్నాడు సెమిలిగుడ మీదుగా పొట్టంగి బస్సెక్కాను. సంతరోజు. భాను తన అమ్మ పక్కన గోనె మీద కూర్చుని అల్లం కొమ్ములకి మట్టి దులుపుతోంది. కొండ మీంచి దిగొచ్చిన ఒకావిడ "కెతే?" అని ధర అడిగి బేరమాడుతోంది. ఆవిడ వెళ్ళేదాకా నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు. కూర్చున్నాను.

"తప్పు నాదని బాబుకి చెప్పేశానమ్మీ. నిన్ను రమ్మన్నాడు."

చేతిలో పని ఆపలేదు. "ఆరోజు ఎందుకు సెప్పనేదు?"

"భయమేసింది."

"నిన్ను తీసేస్తారనా?"

"కాదే. నాకు తెలీదని అందరికీ తెలిసిపోద్దని."

వాళ్ళమ్మ వింటూనే ఉంది. "సిన్నపిల్లని ముందరెట్టి ఎనకాల దాగున్నావు. అంత బొట్టెట్టుకుంటావు, పూజలు సేస్తావంట. ఏటికమ్మా అయ్యి?"

"నిజమే వదినా" అన్నాను.

"నువ్వుండమ్మా" అంది భాను. నా వైపు తిరిగింది. "రాను పిన్నీ."

"కోపమా?"

"కోపం ఉన్నాది. అందుకు కాదు. అక్కడ కూకుంటే మళ్ళీ నువ్వు సెప్పిందే ఇంటాను. నాకు తెల్సి కూడా ఇంటాను. ఆ గుణం నాకు పోయేదాకా నీ పక్కన కూకోను."

నేను చాలామంది పిల్లలకి పని నేర్పాను. చెప్పిన మాట వినేవాళ్ళే మంచి పనివాళ్ళని నేర్పాను. అది విని ఈ పిల్ల ఏమైందో చూస్తూ కూర్చున్నాను.

"పది రోజులే ఇచ్చాడే. నేనొక్కదాన్ని వెతకలేను. కళ్ళు కూడా ఆనడం లేదు."

భాను లేచి సంత వెనకున్న వాళ్ళింటికెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చింది. తెరిచి చూపించింది. షీటు నంబరు, గడి నంబరు, ఎన్ని వలయాలు, పళ్ళు ఎటువైపున్నాయి. నేను చెరపమన్న ప్రతిదీ వరసగా రాసి ఉంది.

"ఎందుకు రాశావు?"

"ఎప్పుడో ఎవరో అడుగుతారని. నువ్వే అడుగుతావనుకోనేదు."

బస్సుకి లేస్తుంటే వాళ్ళమ్మ గుప్పెడు అల్లం నా సంచీలో పడేసింది. "టీలో ఏసుకో. గొంతు పోయింది నీది" అంది, నా మొహం చూడకుండా.

నీలం గీతలు

నోట్‌బుక్ పట్టుకుని అప్పలరాజూ నేనూ కూర్చున్నాం. పాత ఫొటోలో ఆ గడి తెరవడం, గాట్లు చూడడం, పళ్ళు మళ్ళీ గీయడం, అంకెలు తగ్గించడం. రెండుచోట్ల భాను పొరపడింది, అవి నిజంగా కాగితం మడతలే. ఎలా తెలిసిందో చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. అదే షీటు మీద వాగులు నీలం రంగులో ఉంటాయి. కొండైతే వాగులు బయటికి పారతాయి. గుంటైతే లోపలికి దిగి అక్కడే ఆగిపోతాయి. ఎత్తు మీద సందేహం వస్తే నీటిని అడగండి. నేను మొదటిరోజే ఆ నీలం గీతలు చూసుంటే ఇదంతా లేదు. చూడలేదు. శుభ్రం చెయ్యాలన్న తొందరలో ఉన్నాను.

తొమ్మిదోరోజు పని ముగిసింది. పాఢీ బాబు ఉత్తరం రాసి నాకు చదివి వినిపించాడు. చెకర్ ఆదేశం వల్ల జరిగిన తప్పు అని రాశాడు. గీసిన ఆమె సరిగ్గానే గీసింది అని ఇంకో వాక్యం చేర్చమన్నాను. చేర్చాడు.

అంతా బాగైపోయిందని రాయలేను. ఆ షీట్లు తీసుకున్నారు కానీ, రావలసిన తరవాతి దీవులు మాకు ఇవ్వలేదు. మా హాలులో ఇద్దరి పని పోయింది. వాళ్ళలో అప్పలరాజు ఒకడు. వైజాగ్ వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నా మీద ఒక్క జోకు వెయ్యలేదు, అదే ఎక్కువ బాధించింది. నేను చెకింగ్ వదిలేసి, కళ్ళు సాగినన్నాళ్ళు గీస్తూ కూర్చున్నాను. ఆ ఇద్దరి పేర్లు ఇప్పటికీ పొద్దున్న దీపం దగ్గర తలుచుకుంటాను. క్షమించమని కాదు, వాళ్ళ ఇళ్ళు బాగుండాలని.

ఇవన్నీ తరవాతి సంగతులు. ఆఖరి షీటు పంపిన సాయంత్రం ఆఫీసు మెట్ల మీద కూర్చుని భానుకి ఫోను చేశాను. అవతల సంత గోల వినబడుతోంది.

"అన్నీ దిద్దేశామమ్మీ. ఉత్తరంలో నా తప్పని రాయించాను."

"ఊఁ" అంది. మళ్ళీ తనే అడిగింది. "ఆ మొదటిది? ఊరున్న కొండ?"

"గుంటే."

"నాకు తెల్సు పిన్నీ" అంది. "నాకప్పుడే తెల్సు."

ఎవరో బేరానికి వచ్చినట్టున్నారు. ఫోను పెట్టేసింది.